సైబీరియా పక్షికి చలేమిటి?

పక్షులను చూడ్డానికి శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం ఎప్పుడు వెళ్ళినా ఎండెక్కాకే వెళ్ళేవాడిని. ఈసారి బుద్ధి గడ్డి తిని, జనవరి మొదటి వారంలో, తెల్లవారుజామున మూడింటికి విజయనగరంలో బస్సెక్కాను. డిసెంబరంతా ఫ్యాను వేసుకునే పడుకున్నాం. సరిగ్గా ఆ రాత్రే చలి విరుచుకుపడింది. నా పక్క కిటికీ అద్దం జానెడు దిగి అక్కడే బిగుసుకుంది. కండక్టరు ఒకసారి లాగి చూసి, "రాదండీ" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయాడు. సందులో కుక్కిన దినపత్రిక నరసన్నపేట దగ్గర ఎగిరి వెనక సీటాయన ముఖం మీద పడింది.

టెక్కలిలో ఆటో రానూపోనూ ఆరు వందలు. "సైబీరియా పక్షులు కదా బాబూ" అన్నాడు ఆటో అతను. పక్షి ఎంత దూరం నుంచి వస్తే ఆటో అంత ప్రియమన్నమాట.

ఊరు చేరేసరికి ఆరున్నర. ఫోను 14 డిగ్రీలు చూపిస్తోంది. చింతచెట్ల నిండా గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు. ఒక్కటీ కదలదు. చెట్టూ నిద్ర లేవలేదు. రాత్రి ముడుచుకున్న చింతాకులు జంటలుగా అతుక్కునే ఉన్నాయి. గడ్డిమంట కాగుతున్న ఒక ముసలమ్మ జాలిపడి తమ మేడ ఎక్కనిచ్చింది. ఎదురుగా గూట్లో ఒక గూడబాతు ఈకలు ఉబ్బించుకుని దూదిమూటలా ఉంది. అంత పొడుగు ముక్కునూ వీపు ఈకల్లో దోపుకుంది. ఒకసారి కాస్త జరిగితే అడుగున పిల్ల కనబడింది. ఒంటి మీద ఈక లేదు, తోలు తీసిన చిలగడదుంపలా ఉంది. తల్లి వెంటనే కప్పేసింది. అంత చిన్న పిల్లకు సొంత వేడి నిలవదు.

దిగి వచ్చి, "సైబీరియా నుంచి వచ్చినవాటికి ఇంత చలేమిటమ్మా?" అన్నాను.

"పురిటికి పుట్టింటికి వచ్చే పిల్లలు బాబూ అవి. అంత దూరంలో అత్తవారిల్లు ఎవరైనా చూస్తారా?"

నిజమే. గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ మన వేడిదేశాల పక్షులే. సైబీరియా నుంచి వచ్చేవి చలికాలం గడిపి పోతాయి గానీ ఇక్కడ గూడు కట్టవు. ఇవేమో సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడే ఉండి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుతాయి.

ఆమె పెరటి మామిడి ఇంకా పూయలేదు. మా తాతకు ఇలాంటి చలంటే పండగ. రాత్రులు చల్లబడితేనే మామిడికి పూమొగ్గ కడుతుంది. తీరా పూత వచ్చాక మంచు పట్టిందా, బూడిద తెగులని అదే చలిని తిట్టేవాడు.

తొమ్మిది దాటాక ఎండ పొడుచుకొచ్చింది. చింతాకులు విచ్చుకున్నాయి. ఇంకో అరగంటకు గానీ మొదటి గూడబాతు లేవలేదు. నేల వేడెక్కి గాలి పైకి లేస్తే గానీ అంత బరువైన పక్షికి ఆకాశంలో తేలిపోవడం సులువు కాదు. రెండు చుట్లు తిరిగి నౌపడ ఉప్పుమడుల వైపు సాగిపోయింది.

ఇంతసేపు ఆగినందుకు ఆటో అతను ఇంకో నూట యాభై అడిగాడు. ఇవి మన పక్షులేనట, తగ్గించుకో అన్నాను.

"పక్షి మనదే బాబూ, డీజిలు మనది కాదు కదా" అన్నాడు.