అయితే మరియ...

పోయిన డిసెంబరులో ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ రౌండ్స్‌కి వెళ్ళినప్పుడు ఒక ఇంటి గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు. ఒక పెద్దావిడ బయటికొచ్చి, "నాయనా, లోపల పచ్చి బాలింత ఉంది. బిడ్డ ఇప్పుడే నిద్రపోయింది. పాడండి గానీ ఆ డోలక్ మాత్రం వద్దు" అంది. రాత్రి పదకొండున్నర అయింది. అప్పటికే బోలెడు ఇళ్ళు తిరిగాం, గొంతులు పోయాయి. డోలక్ కుర్రాడు ఏం చేయాలో తోచక రెండు అరచేతులూ డోలక్ మీద ఆనించి నిలబడ్డాడు. మెల్లగా ఒక్క చరణం పాడి, ప్రార్థన చేసుకుని వచ్చేశాం.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఇంకా చెవుల్లో తాళాలు మోగుతూనే ఉన్నాయి. ఫోన్‌లో వెతుక్కుంటుంటే ఒకావిడ సెల్టిక్ హార్ప్ అనే తంతివాద్యం మీటుకుంటూ పాడుతున్న ఐర్లండ్ పాట తగిలింది. వెక్స్‌ఫర్డ్ క్యారల్ అంటారు దాన్ని. వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలోని ఎన్నిస్కార్తీ పట్టణంలో కథీడ్రల్‌లో, అంటే అక్కడి పెద్ద చర్చిలో, ఆర్గన్ వాయించే విలియం గ్రాటన్ ఫ్లడ్ అక్కడివాళ్ళు పాడుతుంటే విని రాసుకున్నాడు. 1928లో ఆక్స్‌ఫర్డ్ వారి క్యారల్స్ పుస్తకంలోకి ఎక్కింది. పన్నెండో శతాబ్దం నాటిదని నెట్‌లో చాలామంది రాస్తారు. దానికి ఆధారమేమీ లేదు. పాట బాగుండటానికి అంత వయసు ఉండాల్సిన పని కూడా లేదు.

నన్ను పట్టుకున్నది దాని ఎత్తుగడ. దూతలతోనో నక్షత్రంతోనో మొదలుకాదు. మంచివాళ్ళారా, దేవుడు తన ప్రియకుమారుణ్ణి పంపి మనకేం చేశాడో ఈ క్రిస్మస్ వేళ బాగా ఆలోచించుకోండి, మనసులో పెట్టుకోండి అంటుంది. అది వినగానే లూకా సువార్త రెండో అధ్యాయం పంతొమ్మిదో వచనం గుర్తొచ్చింది. "అయితే మరియ ఆ మాటలన్నియు తన హృదయములో తలపోసికొనుచు భద్రము చేసికొనెను."

ఈ వచనాన్ని ఎన్ని క్రిస్మస్ ఆరాధనల్లో చదివి ఉంటామో! కానీ మొదట్లో ఉన్న ఆ "అయితే" దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. పదిహేడో వచనంలో గొర్రెల కాపరులు తాము విన్నది ప్రచురము చేశారు. పద్దెనిమిదిలో విన్నవాళ్ళందరూ ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత వస్తుంది "అయితే". అందరూ ఒక పని చేస్తుంటే ఆమె మరో పని చేస్తోంది.

ఒక్కసారి ఆమె స్థితి చూడండి. కాన్పయి ఒక రాత్రి కూడా గడవలేదు. సత్రంలో చోటు దొరకలేదు, బిడ్డ పశువుల తొట్టిలో ఉన్నాడు. ఆ చీకట్లో పొలంలోంచి ముక్కూమొహం తెలియని మనుషులు గొర్రెల వాసనతో వచ్చి నిలబడ్డారు. మన ఇళ్ళలో అయితే బాలింత ఉన్న గదిలోకి బయటివాళ్ళను రానిస్తామా? ఆమె వాళ్ళ మాటలు ఒక్కటీ జారిపోనివ్వకుండా విని దాచుకుంది.

ఇక ఆ వాద్యం సంగతి. ఇప్పటి సెల్టిక్ హార్ప్‌కు ఎక్కువగా నైలాన్ తీగలో, జంతువుల పేగుతో చేసిన తీగలో ఉంటాయి, వేలికొనలతో మీటుతారు. పాతకాలపు ఐరిష్ హార్ప్ అలా కాదు. ఒకే విల్లో మొద్దును తొలిచి దాని పెట్టె చేసేవారు, ఇత్తడి తీగలు బిగించేవారు, గోళ్ళతో మీటేవారు. విల్లో అంటే మన బైబిల్లోని నిరవంజి. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ళు తమ సితారాలు తగిలించింది నిరవంజి చెట్లకేనని 137వ కీర్తన. ఒకచోట వాద్యాన్ని మూగగా మోసిన చెట్టు పేరే ఇంకోచోట వాద్యమై పలకడం తలుచుకుంటే ఏదోలా ఉంటుంది.

1792లో బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్ హార్ప్ కళాకారులను పోగుచేశారు. పదిమంది వచ్చారు, వాళ్ళలో ఎక్కువమందికి చూపు లేదు. వాళ్ళు వాయిస్తుంటే స్వరాలు రాసుకునే పని ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి అప్పజెప్పారు. వచ్చినవాళ్ళలో డెనిస్ హెంప్సన్ అనే ముసలాయన అప్పటికే తొంభై దాటినవాడు. మూడేళ్ళ వయసులో మశూచికి కళ్ళు పోయాయి. పొడుగాటి గోళ్ళతో ఇత్తడి తీగల మీద పాత పద్ధతిలో వాయించినవాడు అక్కడ ఆయనొక్కడే.

ఇత్తడి తీగతో ఒక చిక్కుంది. మీటితే అది తొందరగా ఆగదు. ముందు మీటిన స్వరం మోగుతుండగానే తర్వాతిది వచ్చి పడుతుంది, రెండూ కలిసి గోల అవుతుంది. అందుకని ఏ తీగను మోగనివ్వాలో, దేన్ని వేలితో తాకి ఆపేయాలో కూడా నేర్చుకోవాలి. వేళ్ళకు సగం పని మీటడం, సగం పని ఆపడం. పాట తోడుంటే ఇది ఇంకా ముఖ్యం, తీగ తగ్గితేనే మాట వినబడుతుంది. మరియ తలపోత కూడా ఇలాంటిదే అనిపిస్తుంది నాకు. ఆమెకు మాటలు లేక కాదు. అంతకుముందు తన బంధువు ఎలీసబెతు ఇంట్లో "నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది" అని గొంతెత్తి పాడింది ఆమే కదా. తొట్టి దగ్గర మాత్రం తీగ మీద వేలు పెట్టింది.

అలాగని డోలక్ తప్పని కాదు. కాపరులు వెళ్ళి చెప్పకపోతే ఎవరికి తెలిసేది? 150వ కీర్తనలో "స్వరమండలముతోను సితారాతోను" అన్న భక్తుడే రెండు వచనాల తర్వాత "మ్రోగు తాళములతో" అంటాడు. (దావీదు చేతిలోది మన సితార్ కాదు లెండి. చేత పట్టుకుని మీటే చిన్న తంతివాద్యం, హార్ప్‌కే దగ్గరి చుట్టం.) మన రౌండ్స్ పదిహేడో వచనం. దాంట్లో నాకే అనుమానమూ లేదు. పంతొమ్మిదో వచనానికే మన డిసెంబరులో చోటు దొరకడం లేదు. స్టార్లు కట్టాలి, కేకులకు ఆర్డరివ్వాలి, నాటకం రిహార్సల్స్, సౌండ్ సిస్టమ్ టెన్షన్.

స్కాట్లండ్‌కు పడమర సౌత్ యూయిస్ట్ లాంటి దీవుల్లో అర్ధరాత్రి ఆరాధనలో గేలిక్ భాషలో ఒక జోలపాట పాడతారు. రానల్డ్ రాంకిన్ అనే ఫాదరు 1855లో ఆస్ట్రేలియాకు వెళ్ళిపోతూ తన సంఘంలోని పిల్లలకు రాసిచ్చిన పాట. హార్ప్ మీద ఇప్పుడు చాలామంది వాయిస్తున్నారు. అందులో మరియ బిడ్డను నా ప్రేమా, నా నిధీ అని పిలుచుకుంటూనే నీ దగ్గర ఉండటానికి నేను తగను అంటుంది. బిడ్డకు జోల పాడుతూ ఏ తల్లీ అనని మాట.

ఈ ఏడాది రౌండ్స్ లిస్టు వచ్చింది. ఆ ఇల్లు తొమ్మిదోది. బిడ్డకు ఏడాది నిండుతోంది, ఇప్పుడు డోలక్ వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ గేటు దగ్గర మొదటి చరణం ఉత్త గొంతుతో ఎత్తుకుందామని కుర్రాడితో చెప్పాను. కాసేపు ఆలోచించి, "రెండో చరణం నుంచి వాయించొచ్చా అన్నా?" అన్నాడు.

వాయించమన్నాను.