స్మార్ట్ మీటరు అంకెలు చదివి కరెంటు బిల్లు తగ్గించడం: నా అనుభవం

స్మార్ట్ మీటరు పెట్టినంత మాత్రాన బిల్లు తగ్గదు. ఎంత వాడామో పావుగంటకో అరగంటకో ఒకసారి రాసిపెట్టడమే దాని పని. విద్యుత్ సంస్థ యాప్‌లో కనిపించే ఆ అంకెలు చదవకుండా ఖరీదైన వస్తువులు కొనేయడం తొందరపాటు. నేను ముందు చూసింది ఏసీ వాడని రాత్రుల్లో రెండు గంటలకూ నాలుగు గంటలకూ మధ్య వాడకం. అందరూ నిద్రపోతుండగా నడిచేది రోజంతా నడుస్తుంది కాబట్టి అక్కడ తగ్గించిన ప్రతి వాటూ 24 గంటలు మిగులుతుంది.

అరగంట బ్లాకులో 0.06 యూనిట్ కనిపిస్తే చిన్న అంకేలే అనిపిస్తుంది. రెండుతో హెచ్చిస్తే గంటకు 0.12, అంటే 120 వాట్లు. పావుగంట బ్లాకైతే నాలుగుతో హెచ్చించాలి. 120 వాట్లు ఆగకుండా లాగితే రోజుకు 2.88 యూనిట్లు, 30 రోజులకు 86 దాటుతాయి. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కనుక ఒక్క బ్లాకు చూసి తేల్చకూడదు, వరుసగా నాలుగైదు బ్లాకుల సగటు తీయాలి.

ఏ వస్తువు లాగుతోందో యాప్ చెప్పదు, మీటరు ముందు నిలబడాల్సిందే. మీటరు మీద మినుకుమనే చిన్న దీపం పక్కన 1000, 1600, 3200 లాంటి అంకె ఉంటుంది. ఒక యూనిట్‌కు ఆ దీపం అన్నిసార్లు వెలుగుతుంది. 36 లక్షలను ఆ అంకెతో భాగించి, వచ్చినదాన్ని రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన లాగుతున్న వాట్లు వస్తాయి. 3200 మీటరుకు మొదటి భాగహారం 1125. తొమ్మిది సెకన్లకోసారి వెలిగితే 125 వాట్లు. మొదటి మెరుపును సున్నాగా లెక్కపెట్టి పదో మెరుపు దాకా సమయం కొలిచి పదితో భాగిస్తే లెక్క కచ్చితంగా వస్తుంది. మొదటిదాన్నే ఒకటి అనుకుంటే వాట్లు ఎక్కువగా తేలతాయి.

తర్వాత ఎంసీబీలు (బోర్డులో ఒక్కో లైనుకు ఉండే చిన్న బ్రేకర్ స్విచ్‌లు) ఒక్కొక్కటే దించుతూ దీపం చూడాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఈ పరీక్ష ఇక్కడే చెడుతుంది. ఎంసీబీ దించగానే లోడు బ్యాటరీ మీదికి వెళ్లిపోయి, తగ్గినట్టు కనిపిస్తుంది. మళ్లీ ఎత్తితే బ్యాటరీ చార్జింగ్‌కు వందల వాట్లు లాగుతుంది. అందుకే ముందు ఇన్వర్టర్ ప్లగ్గు తీసి, దాని అవుట్‌పుట్ కూడా ఆపాలి. ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి ఉంచితేనే అంకెలు నిలకడగా ఉంటాయి.

అన్ని ఎంసీబీలూ దించి, మెయిన్ ఎత్తి ఉంచి, కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. ఐదు వాట్ల లోడుకు 3200 మీటరు దీపం 225 సెకన్లకోసారి మాత్రమే వెలుగుతుంది మరి. అప్పటికీ దీపం గబగబా వెలుగుతూ, రెండు పోళ్ల మెయిన్ (ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంచే స్విచ్) దించగానే ఆగిపోతే న్యూట్రల్ మీద, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ మీద, అనుమానపడాలి. కొన్ని మీటర్లు ఫేజ్‌లోనూ న్యూట్రల్‌లోనూ కరెంటు కొలిచి, ఏది ఎక్కువైతే దాన్నే లెక్కిస్తాయి. రెండు కనెక్షన్లున్న ఇంట్లో పై అంతస్తు న్యూట్రల్ తీగను కింది బోర్డులో కలిపేస్తే, పైవాళ్లు వాడింది కింది మీటరులోనూ పడుతుంది! దీన్ని ఎలక్ట్రీషియన్ చేతే విడదీయించాలి. మెయిన్ దించినా వెలుగుతుంటే తేడా మీటరులోనో, మీటరుకూ మెయిన్‌కూ మధ్యనో ఉంది. సీలు ముట్టుకోకుండా విద్యుత్ సంస్థకు ఫిర్యాదు రాయాలి.

ఇక ఒక గదిలో ప్లగ్గులన్నీ తీసి స్విచ్‌లన్నీ ఆపినా, ఆ గది ఎంసీబీ ఎత్తగానే దీపం వేగం పెరిగితే తడి గోడలోనో పాత తీగలోనో లీకేజీ. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే అది ముందే పడిపోతుంది. లేని ఇంట్లో పెట్టించుకోవడం బిల్లు కోసం కాదు, ప్రాణం కోసం.

గీజరు రోజంతా ఆన్‌లో ఉంటే రాత్రి అంకెల్లోనే దొరికిపోతుంది, కొన్ని గంటలకోసారి వాడకం ఒక్కసారిగా లేచి పడుతుంది. లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో హెచ్చించి 860తో భాగిస్తే కావలసిన యూనిట్లు వస్తాయి. 15 లీటర్లు 30 డిగ్రీలు వేడెక్కడానికి 0.52 యూనిట్, రెండు కిలోవాట్ల గీజరుకు పదహారు నిమిషాల పని. స్నానానికి అంతకంటే ముందు వేయనక్కర్లేదు, అవ్వగానే కట్టేయాలి.

ఫ్రిజ్ తలుపు రబ్బరును కాగితంతో పరీక్షించాలి. కాగితం పెట్టి తలుపు మూసి లాగితే పట్టు తెలియాలి. చుట్టూరా నాలుగైదు చోట్ల చూడండి. వేడినీళ్లలో ముంచిన బట్టతో తుడిచి, ముడత పడ్డచోట చేత్తో సాగదీస్తే చాలాసార్లు సర్దుకుంటుంది, చిరిగితేనే మార్చాలి. ముందు కాళ్లు కాస్త ఎత్తు చేస్తే తలుపు దానంతటదే పడుతుంది. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజరులో మైనస్ 18 చాలు.

ఫ్యాన్లలో ఎక్కువ గంటలు తిరిగేదాన్ని ముందు మార్చాలి. 75 వాట్ల ఫ్యాన్ స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు ఫ్యాన్) పెడితే రోజుకు 12 గంటల వాడకానికి నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఎప్పుడో ఒకసారి వేసే గదిలో ఆ ఖర్చు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఉన్న ఫ్యాన్ నెమ్మదించిందంటే ముందు కెపాసిటర్ చూడాలి. దానిమీద 2.5 మైక్రోఫారడ్లని ఉంటే అదే విలువ వేయాలి, ఎక్కువది వేస్తే వైండింగ్ వేడెక్కుతుంది.

ఏసీకి చేయాల్సినవి ఫిల్టరు కడగడం, తలుపు కింద సందు మూయడం, ఎండ పడే కిటికీకి బయటివైపు నీడ కట్టడం. లోపల కర్టెన్ వేసినా వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.

మోటారు నడిచిన సమయాన్ని బ్లాకుల్లో గమనించండి. అదే ట్యాంకు నిండడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంటే ఫుట్‌వాల్వు (పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది) లీకవుతుండవచ్చు, ఇంపెల్లర్ (నీళ్లను నెట్టే చక్రం) అరిగి ఉండవచ్చు. రోజుకు ఎక్కువసార్లు వేయాల్సి వస్తుంటే నీళ్లు ఎక్కడో కారిపోతుండవచ్చు, టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఆగాలి. బేసిన్‌లోకి రంగు దిగిందంటే వాషరు మార్చాలి.

ఏ మార్పైనా ఒక్కటే చేసి, మళ్లీ అవే రాత్రి బ్లాకులు చూసి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్లాలి. నెల బిల్లుతో పోలిస్తే ఎండల తేడా అందులో కలిసిపోయి ఏది పనిచేసిందో తేలదు.