రోమా 12కీ 13కీ మధ్య

ఓపాని పొద్దున మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరం కావాలి. నడుం కింద స్లింగ్ దూర్చి, లిఫ్ట్ కొక్కేలకి తగిలించి బటన్ నొక్కితే ఆయన మెల్లగా పైకి లేచేవారు. అలా వేలాడే అర నిమిషం ఆయన చూపు ఎదురుగోడ మీద బొమ్మ మీదే ఉండేది. గడ్డకట్టిన నీళ్ళు. మంచు పగిలి ఒకతను మునిగిపోతుంటే ఇంకొకతను వంగి రెండు చేతులూ చాచి ఉన్నాడు. చేపలు పట్టేవాళ్ళ బొమ్మ కాబోలు అనుకున్నాను చాలా రోజులు.

అది 2012. విన్నిపెగ్‌లో నాకు రెండో చలికాలం. మహబూబ్‌నగర్‌లో పన్నెండేళ్ళు నర్సుగా చేసినదాన్ని, ఇక్కడ లైసెన్సు కాగితాలు తేలేదాకా ముసలివాళ్ళ హోమ్‌లో హెల్త్ కేర్ ఎయిడ్‌గా కుదిరాను. ఒళ్ళు తుడవడం, డైపర్లు మార్చడం, తినిపించడం, ఎవరు ఎంత తిన్నారో రాసిపెట్టడం. అమ్మ మాత్రం ఊళ్ళో అందరికీ "మా బిడ్డ కెనడాల నర్సు" అనే చెప్పుకుంది. నేనూ దిద్దలేదు.

ఓపా అంటే వాళ్ళ జర్మన్ భాషలో తాత. అప్పటికి ఆయనకి తొంభై ఏళ్ళు. ఒకరోజు షేవింగ్ చేస్తుంటే "మీది ఇండియాలో ఎక్కడ?" అని అడిగారు. అందరికీ చెప్పినట్టే హైదరాబాద్ అన్నాను. "హైదరాబాదేనా, పక్కనా?" అన్నారు. జడ్చర్ల అన్నాను, ఎలాగూ తెలీదు కదా అని. ఆయన సబ్బు నురగ గడ్డంతోనే కళ్ళు మూసుకుని, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ చెప్పినట్టు మొదలుపెట్టారు: "జడ్చర్ల, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండ." నా చేతిలో రేజర్ ఆగిపోయింది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇండియా మిషన్ కోసం పైసలు పోగుచేసేవాళ్ళట. ఆ ఊళ్ళ పేర్లు పాటలా నేర్పారట.

మా ఇంట్లో మూడు తరాలుగా ఎం.బి. చర్చి. తాత నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నది మిషన్ దొరల కాలంలోనే. ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రదరెన్ అని, ఆ 'ఎం' పదహారో శతాబ్దపు క్రైస్తవ బోధకుడు మెన్నో సైమన్స్ పేరు మీద వచ్చిందని నాకు ముప్పై ఆరేళ్ళు వచ్చాక విన్నిపెగ్‌లో తెలిసింది. అప్పటిదాకా ఎం అంటే మిషన్ అనుకున్నాను. దొరలు మాకు ఆస్పత్రి ఇచ్చారు, బడి ఇచ్చారు, బైబిల్ ఇచ్చారు. తాము యుద్ధానికి వెళ్ళని జాతి అన్న సంగతి మాత్రం మా చర్చిలో నేను ఒక్క ఆదివారం కూడా వినలేదు.

అది తెలియకే, మరో రోజు ఫోన్లో మా తమ్ముడి ఫొటో చూపించాను. యూనిఫారంలో, పక్కన బోఫోర్స్ ఫిరంగి. 1999లో, కార్గిల్ యుద్ధంలో, వాడు ద్రాస్ దగ్గర గన్నర్. ఓపా ఫొటోని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "మీ సంఘం వాళ్ళు ఏమీ అనలేదా?" అన్నారు.

"శాలువా కప్పి సన్మానం చేశారు" అన్నాను గర్వంగానే.

శాలువా ఎందుకు కప్పుతారో ఆయనకి చెప్పడం ఒక తంటా. చెప్పాక కూడా ఆయన మొహంలో ఏమీ మారలేదు. అప్పుడే గోడ మీద బొమ్మ కథ చెప్పారు. నీళ్ళ మీదికి వంగినతను డిర్క్ విల్లెమ్స్. 1569, హాలండ్. పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం తీసుకోవడం, తన ఇంట్లో ఇంకొందరికి ఇప్పించడం, అదే అతను చేసిన నేరం. జైల్లోంచి గుడ్డ పేలికల తాడుతో దిగి, గడ్డకట్టిన నీళ్ళ మీదుగా పారిపోతుంటే, తరుముతున్న భటుడి కింద మంచు విరిగింది. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని పైకి లాగాడు. చివరికి డిర్క్‌నే పట్టుకుని మంటల్లో కాల్చి చంపారు.

"మీ తమ్ముడు అవతలివాడి మొహం చూశాడా?" అని అడిగారు ఓపా.

ఫిరంగి ఎంత దూరం కొడుతుందో ఆయనకి తెలీదు. కొండకి ఇవతల నిలబడి, అవతల ఉన్నవాళ్ళ మీదికి వేస్తారు. మొహాలు కనబడవు. నేను ఆ మాట అనలేదు. ఎందుకో కోపం వచ్చింది. ఆ రోజు నీళ్ళు మరీ వేడిగా పట్టానని తర్వాత గానీ గమనించలేదు.

కార్గిల్ రోజుల్లో అమ్మ ఉపవాసం ఉంది. మా చర్చి అయ్యగారు బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, రోమా పత్రికలో పదమూడో అధ్యాయం తీసుకుని, అధికారులు ఊరకయే ఖడ్గము ధరింపరు అని చదివి, శత్రువుని తుడిచిపెట్టమని ప్రార్థించారు. చర్చి మొత్తం ఆమెన్ అన్నాం. నేను కాస్త గట్టిగానే అన్నాను. తమ్ముడు కొండల్లో ఉన్నప్పుడు ఎవరైనా ఇంకేం అంటారు?

విన్నిపెగ్‌లో నేను వెళ్ళే చర్చిలో అదే పత్రికలో పన్నెండో అధ్యాయం చదువుతారు. పగ తీర్చుకోవద్దు, నీ శత్రువు ఆకలిగా ఉంటే అన్నం పెట్టు. ఒకరాత్రి బ్రేక్‌లో ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. పన్నెండు ఎక్కడ ఆగిందో పదమూడు అక్కడే మొదలైంది. పౌలు రాసినప్పుడు ఆ అంకెలు లేవు, అవి తర్వాత ఎవరో వేసినవి. ఒకే ఉత్తరం, ఒకే ఊపిరిలో రాసింది. జడ్చర్లలో మాకు ఒక పేజీ, వీళ్ళకి ఒక పేజీ.

ఓపా ఇంట్లోనే ఆ రెండు పేజీలూ ఉన్నాయని నాకు తెలియడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది.

ఆయన పుట్టింది ఇప్పటి యుక్రెయిన్‌లోని ఒక మెన్నోనైట్ ఊళ్ళో. రష్యా విప్లవం తర్వాత అంతర్యుద్ధంలో దోపిడీలు, హత్యలు మొదలైనప్పుడు, ఆ ఊళ్ళలో కొందరు నాలుగు వందల ఏళ్ళ మాట పక్కన పెట్టి తుపాకులు పట్టారు. ఓపా వాళ్ళ నాన్న ఆ కొందరిలో ఒకడు. 1920లలో కెనడాకి వచ్చిన సుమారు ఇరవై వేల మందిలో ఆ కుటుంబమూ ఉంది. నాన్న ఆ రోజుల గురించి నోరెత్తేవాడు కాదట. తలుపు చప్పుడైతే మాత్రం నిలబడిపోయేవాడట.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఓపా ఇక్కడ జడ్జి ముందుకెళ్ళి తుపాకీ పట్టనన్నారు. మీ అమ్మ మీదికి ఎవడైనా వస్తే ఏం చేస్తావు అని అడిగారట. అప్పట్లో ఆ ప్రశ్న అందరినీ అడిగేవాళ్ళు. అలా కాదన్నవాళ్ళు కెనడాలో పదివేల పైచిలుకు, అందులో ఎక్కువమంది మెన్నోనైట్లే. వాళ్ళని అడవుల్లో, రోడ్ల పనుల్లో పెట్టారు. రోజుకి యాభై సెంట్లు. సిపాయికి డాలరు ముప్పై. కొంతకాలం ఒక మెంటల్ ఆస్పత్రిలో కూడా వేశారట. "నువ్విప్పుడు చేసే పనే. డైపర్లు లేవు, పాత దుప్పట్లు" అని నవ్వారు. అది విన్నాక ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది. పిరికితనంతో తప్పించుకున్నవాడు అనుకున్నాను గాని, మూడేళ్ళు పరాయివాళ్ళ మలం ఎత్తినవాడిని ఆ మాట అనడం నావల్ల కాలేదు.

ఆయన తమ్ముడు మాత్రం 1943లో సైన్యంలో చేరాడు. అలా వెళ్ళిన మెన్నోనైట్ కుర్రాళ్ళూ వేలల్లోనే ఉన్నారు. తిరిగొచ్చాక చాలా సంఘాల్లో వాళ్ళకి చోటు దొరకలేదు. అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి, లేదంటే వేరే చర్చి చూసుకోవాలి. ఆ తమ్ముడు వేరే చర్చి చూసుకున్నాడు. అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. ముప్పై ఏడేళ్ళు.

ఒక మధ్యాహ్నం ఓపా సొరుగులోంచి కవరు తీయించి చదివి పెట్టమన్నారు. కళ్ళు ఆనడం లేదని. నాకు అప్పటికీ వాళ్ళ గొలుసుకట్టు రాత సరిగ్గా రాదు, కూడబలుక్కుంటూ చదివాను. 1945, హాలండ్ నుంచి. ఆ చలికాలం అక్కడ తిండి లేక వేలమంది చచ్చిపోయారు. ఇక్కడి పిల్లలు ట్యులిప్ గడ్డలు ఉడకబెట్టుకుని తింటున్నారు, మా లారీల వెనక పరిగెత్తుతున్నారు, ఇది మన మెన్నో పుట్టిన దేశం, వీళ్ళతో మన ఇంటి భాష కలిపి మాట్లాడుతుంటే అర్థమవుతోంది, అని రాసి చివర్లో ఒక ప్రశ్న. నువ్వక్కడ చెట్లు నాటుతుంటే వీళ్ళ దగ్గరికి ఎవరు రావాలి అన్నయ్యా?

"జవాబు ఏం రాశారు?" అన్నాను.

"రాయలేదు. వాడి చేతికి రక్తం అంటింది అనుకున్నాను." కాసేపాగి, "జర్మన్ల కోసం రోజూ ప్రార్థన చేశాను. అది సులువు. నాకు ఒక్క జర్మన్ సిపాయీ తెలీదు" అన్నారు.

తమ్ముడు 1982లో పోయాడు.

నాకు ఇందులో ఎవరిది ఒప్పో తేల్చాలని ఉండేది. శత్రువుని ప్రేమిస్తూనే, పొరుగువాడిని కాపాడటానికి కత్తి పట్టొచ్చని పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీన్ కాలం నుంచి చెబుతున్నారని చర్చిలో ఒకాయన వివరించాడు. ప్రేమ మనసులో ఉంటే చాలట, చెయ్యి చేసే పని వేరట. వినడానికి బాగుంది. కానీ నా ఉద్యోగం నాకు దీనికి తలకిందులుగా నేర్పింది. ఎదురు గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఇటలీలో యుద్ధం చేసొచ్చినవాడు. మతిమరుపు. నా చెయ్యి తగిలితే అరిచేవాడు, ఒంటి రంగు పెట్టి తిట్టేవాడు, ఒకసారి టీ కప్పు విసిరితే మోచెయ్యి కాలింది. ఆయన మీద నా మనసులో ప్రేమ ఒక్క రోజూ లేదు. రోజూ రెండుసార్లు డైపర్ మార్చాను. వీపు మీద పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాను. ప్రేమించుడి అన్నమాట మనసుకి చెప్పిందైతే నేను ఫెయిల్. చేతులకి చెప్పిందైతే పాసేమో. కానీ చేతులకే చెప్పిందైతే మరి మా తమ్ముడి చేతులు? అక్కడికొచ్చేసరికి నా ఆలోచన ఆగిపోయేది, అంతలో ఎవరిదో కాల్ బెల్ మోగేది.

నవంబర్ 11న ఇక్కడ యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకుంటారు. అందరూ ఎర్రటి గసగసాల పువ్వు గుర్తు గుండె మీద పెట్టుకుంటారు. మెన్నోనైట్లలో చాలామంది దాని బదులు ఎర్ర బటన్ పెట్టుకుంటారు. జ్ఞాపకం చేసుకోవడమంటే శాంతి కోసం పనిచేయడం అని దాని మీద రాసి ఉంటుంది. ఓపా ఏటా ఆ బటనే పెట్టుకునేవారట. ఆ ఆదివారం పొద్దున హాల్లోకి తీసుకెళ్ళడానికి నేను పువ్వుల ట్రే పట్టుకుని వెళ్ళాను. చొక్కాకి బటన్ ఉంది. ట్రేలోంచి ఒక పువ్వు కూడా తీసుకున్నారు. బటన్ పక్కన పెట్టమంటారేమో అని పిన్ను తీయబోతే వద్దని, సొరుగు తెరవమన్నారు. పువ్వుని కవరు మీద పెట్టి తనే మూశారు. సొరుగు కొంచెం ఇరుక్కుంటుంది, రెండుసార్లు తోయాల్సి వచ్చింది.

పదకొండింటికి స్పీకర్లో బాకా ఊదారు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, ఎదురు గది పెద్దాయన కూడా.

ఆ రాత్రి పదింటికి తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. వాడు ఆ ఏడే ఆర్మీ నుంచి వచ్చేసి ఒక బ్యాంకు దగ్గర సెక్యూరిటీగా చేరాడు, అప్పుడే షట్టర్ తీస్తున్నట్టుంది. అటూ ఇటూ మాట్లాడి, "కార్గిల్ల నువ్వేసిన గుండ్లు ఎక్కడ పడ్డయో నీకు ఎప్పుడన్న తెలిసిందారా?" అని అడిగాను.

చాలాసేపు షట్టర్ చప్పుడే వినబడింది.

"పొద్దుగాల పొద్దుగాల ఏం ముచ్చటే అక్కా ఇది?" అన్నాడు. "ఆడ చలి ఎట్లుంది?"

"మైనస్ తొమ్మిది" అన్నాను.

"ద్రాస్‌ల గింతకంటె ఎక్కువుండె" అన్నాడు వాడు.