ముందే తల నెరిసిన పువ్వు

ఫ్లీబేన్ పువ్వును చూసి చిన్న చామంతి అనుకోవడం సహజం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకదాన్ని కోసి భూతద్దం కింద పెట్టిన రోజున, నేను ఒక పువ్వు అనుకుంటున్నది కొన్ని వందల పువ్వుల గుంపు అని అర్థమైంది. అంచున దారపు పోగుల్లా ఉన్న ప్రతి తెల్ల రేకూ ఒక పువ్వే. నడిమి పసుపు దిండులోని ప్రతి చుక్కా అయిదు మొనలున్న ఒక బుల్లి గొట్టపు పువ్వే. ఆ గొట్టాలన్నీ ఒక్కసారి విచ్చుకోవు. అంచు వరుసతో మొదలై విచ్చుకోవడం నడిమికి సాగుతుంది కాబట్టి, ఒకే దిండు మీద వాడిన పూలూ ఇంకా విడవని మొగ్గలూ కలిసి కనిపిస్తాయి. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు మొదలుకొని గడ్డిచామంతి దాకా, 32,000కు పైగా జాతులున్న ఆస్టరేసీ కుటుంబానికి ఇలా పువ్వులను ఒకే తలగా కూర్చుకోవడమే గుర్తు.

ఈ కుటుంబంలో నన్ను ఎక్కువగా తికమక పెట్టింది ఫ్లీబేన్‌కూ ఆస్టర్‌కూ ఉన్న పోలిక. రేకులను చూస్తే కొంత తేలుతుంది: ఆస్టర్ రేకులు వెడల్పుగా, తక్కువగా ఉంటాయి, ఎరిజెరాన్ ఆన్యుయస్ అనే ఏకవార్షిక ఫ్లీబేన్‌లో సన్నటి రేకులు తరచు 80కి పైనే ఉంటాయి. అయితే నేను నమ్మేది పువ్వును తిరగేసి చూడడాన్నే. ఫ్లీబేన్ తల కింది పచ్చటి పుచ్ఛాలు, అంటే తలను అడుగున చుట్టి ఉండే చిన్న ఆకులు, దాదాపు ఒకే పొడవుతో కంచెలా నిలబడతాయి, ఆస్టర్‌వి ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. ఉత్తర అమెరికా ఆస్టర్లలో అధిక భాగాన్ని 1994లో వృక్షశాస్త్రవేత్త గై నెసమ్ వేరే ప్రజాతులలోకి, అంటే దగ్గరి జాతుల వేరే గుంపులలోకి, మార్చడంతో పాత పుస్తకాల పేర్లు పనికిరాకుండా పోయాయి గాని, ఈ పుచ్ఛాల తేడా మాత్రం ఇప్పటికీ పనికివస్తుంది.

ఎండబెట్టిన ఈ మొక్క, రక్తం పీల్చే ఫ్లీ అనే గెంతుడు పురుగును తరిమేస్తుందన్న పాత నమ్మకం నుంచి ఆంగ్ల నామం వచ్చింది. సహదేవికి కూడా ఊదా ఫ్లీబేన్ అన్న పేరుంది గాని, అది ఇదే కుటుంబంలో మరో ప్రజాతికి చెందినది. శాస్త్రీయ నామమే నాకు ఎక్కువ నచ్చుతుంది: ఎరిజెరాన్ అంటే గ్రీకులో తొందరగా ముసలివాడైనవాడు.

అందంలో వెనుకబడిన తోబుట్టువు ఎరిజెరాన్ కెనడెన్సిస్. దాని రేకులు కంటికి ఆననంత పొట్టివి, కాని ఒక్క మొక్క 2,00,000 దాకా గింజలు వేయగలదు. గ్లైఫోసేట్ కలుపుమందుకు లొంగని రకం 2000లో అమెరికాలోని డెలావేర్‌లో బయటపడింది. ఆన్యుయస్ పద్ధతి మరొకటి: ఫలదీకరణ జరగకుండానే గింజ కడుతుంది, కనుక పిల్ల మొక్కలు తల్లికి నకళ్లు. అయినా తేనెటీగలు, ఈగలు దాని మీద వాలుతూనే ఉంటాయి.

పూత అయిపోయాక ఆన్యుయస్ తల ఒకదాన్ని మళ్ళీ భూతద్దం కింద పెట్టాను. నడిమి గింజలకు పొడవాటి తెల్ల వెంట్రుకలు వచ్చాయి. అంచు రేకుల గింజలకు మాత్రం ఆ పొడుగు వెంట్రుకలు లేవు. మెల్లగా ఊదితే నడిమివి లేచిపోయాయి, అంచువి చాలావరకు అక్కడే ఉండిపోయాయి.