నాలుగు రౌండ్లు, ఏడు నిమిషాల పదిహేను సెకన్లు

తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ నియామకాల 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్‌జంప్‌లో 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్ల దూరం వేయాలి. మహిళలకు 800 మీటర్ల పరుగుకు 5 నిమిషాల 20 సెకన్ల గడువు, 2.5 మీటర్ల లాంగ్‌జంప్, 4 కిలోల గుండుతో 4 మీటర్లు. ప్రిలిమ్స్ (తొలి రాతపరీక్ష) ముగిసేదాకా పుస్తకం వదలని నాకు ఈ అంకెలు కాగితం మీద తేలికగానే కనిపించాయి. మొదటిరోజు జూనియర్ కళాశాల మైదానంలో రెండో రౌండు పూర్తికాకముందే నడుము పట్టుకుని నిలబడిపోయాను.

అక్కడికి వచ్చే ఒక సీనియర్ "రోజూ 1600 ఫుల్ స్పీడులో కొడితేనే టైమ్ తగ్గుతుంది" అంటే నమ్మాను. వర్షం పడిన రోజుల్లో సిమెంటు రోడ్డు మీద, అడుగు అరిగిన పాత బూట్లతోనే పరుగెత్తాను. పదకొండో రోజుకు మోకాలి కింద ఎముక లోపలి అంచు వెంట నొప్పి మొదలై, వేలితో నొక్కితే ప్రాణం పోయినంత పనయ్యేది. దాదాపు మూడు వారాలు పరుగు ఆగిపోయింది. దమ్ము కొద్ది వారాల్లోనే పెరుగుతుంది గానీ, ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుందని, ఆయాసం తగ్గింది కదా అని ఒక్కసారిగా వేగం పెంచితే ఆ భారమంతా కాళ్లే మోయాల్సి వస్తుందని ఫిజియోథెరపిస్టు చెప్పాకే నాకు విషయం బోధపడింది.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు వారంలో మూడు రోజులే పరుగుకు కేటాయించాను. రెండు రోజులు పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నిదానంగా, మొదట 20 నిమిషాలు, క్రమంగా 40 నిమిషాల దాకా; ఇంత మెల్లగా పరుగెత్తితే ఏం లాభమని చాలామంది నవ్వారు, కానీ ఓర్పు పెరిగింది ఈ పరుగుతోనే. మూడో రోజు 400 మీటర్లను పరీక్ష వేగంతో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ పరుగెత్తేవాడిని. మొదట మూడు సార్లు, తరువాత ఆరు. ఒక రోజు లాంగ్‌జంప్, షాట్‌పుట్. రెండు రోజులు గుంజీలు, దండాలు, మెట్టు అంచు మీద మునివేళ్లపై లేచి దిగే వ్యాయామం. ఆదివారం పూర్తి విశ్రాంతి. ఏ రోజైనా మొదట పది నిమిషాలు నడక, నెమ్మది పరుగు, కాళ్లను ముందుకూ వెనక్కూ ఊపడం. సాగదీసి పట్టి ఉంచే కసరత్తులు చివర్లోనే.

లెక్క కూడా ముఖ్యమే. 435 సెకన్లను నాలుగు రౌండ్లకు పంచితే ఒక్కో రౌండుకు 109 సెకన్ల లోపే వస్తాయి. నేను మొదట్లో తొలి రౌండును 85 సెకన్లలో కొట్టి, నాలుగోదాన్ని ఈడ్చుకుంటూ 140 దాటించేవాడిని. చేతి గడియారం చూసుకుంటూ ప్రతి రౌండునూ 105 దగ్గర నిలపడం అలవాటు కావడానికి నెల పట్టింది.

గుండు విషయంలో బలమంతా చేతిదే అనుకోవద్దు. దాన్ని బంతిలా విసరకూడదు. దవడ కింద మెడకు ఆనించి, మోకాళ్లు వంచి, కాళ్ల నుంచి పుట్టిన ఊపును నడుము తిప్పి భుజంలోకి తెచ్చి నెట్టాలి. ఈ ఒక్క మార్పుతో నాకు దాదాపు మీటరు దూరం పెరిగింది.

తిండికి ప్రత్యేక పొడులేవీ కొనలేదు. పప్పు, గుడ్లు, ఉడికించిన పల్లీలు, రాగి జావ సరిపోయాయి. నిద్ర తగ్గిన మరునాడు మాత్రం ఆ తేడా గడియారంలో తప్పకుండా కనిపించేది.

అసలు రోజున గుంపంతా ఈల మోగగానే దూసుకుపోతుంటే నేనూ తొందరపడబోయి తమాయించుకున్నాను. తొలి రౌండు 103 సెకన్లు. చివరకు 6 నిమిషాల 58 సెకన్లలో ముగించాను. ఆ తరువాత లాంగ్‌జంప్ కోసం చాలాసేపు వేచి ఉండాల్సి వచ్చింది. అలసటతో కూలబడినవారిలో ఇద్దరికి పేరు పిలవగానే లేవబోతే పిక్కలు పట్టేశాయి. నేను వరుస పక్కనే అటూ ఇటూ నడుస్తూ, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ నా వంతు కోసం చూశాను.