మళ్లీ పోత ఇనుమే వచ్చింది

ఇనుప రాయిని మట్టి కొలిమిలో బొగ్గుతో కాల్చి, సమ్మెటతో సాగగొట్టగల మెత్తని ఇనుము తీయాలని నా ప్రయత్నం. ఈసారి కూడా వచ్చిన ఇనుప ముద్ద సమ్మెట కింద నిలవలేదు. కొలిమి అడుగున 2.6 కిలోలు దిగింది. నారింజ రంగులో ఉండగానే దాగలి మీద పెట్టి కొడితే కాలిన ఇటుకలా పొడైపోయింది. గ్రైండర్‌కి ఆనిస్తే పొట్టి, ఎర్రటి రవ్వలు. మెత్తని ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, తిన్నగా వస్తాయి. అనుమానం అక్కర్లేదు, కార్బన్ బాగా ఎక్కేసి, కొడితే విరిగే పోత ఇనుమైపోయింది.

కొలిమి ఎత్తు 95 సెం.మీ., లోపలి వ్యాసం 26. గాలి గొట్టం అడుగు నుంచి 14 సెం.మీ. పైన, 20 డిగ్రీలు కిందికి వంచి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప రాయి, సరుగుడు బొగ్గు కిలోకి కిలో. మొదట కిలో బొగ్గు దిగడానికి 11 నిమిషాలు పట్టేది. రాయి బొగ్గులో ఎక్కువసేపు ఉండటమే కారణమనుకుని, గాలి పెంచి 8 నిమిషాలకు తెచ్చాను. అయినా అదే పోత ఇనుము. (బాష్ బ్లోయర్‌కి వేగం తిప్పుకునే చక్రం ఉండటం ఎంత సుఖమో!) ఊక కలిపిన చెరువు మట్టి గోడ మాత్రం ఎక్కడా పగల్లేదు.

ఇక నా అనుమానమంతా చిట్టెం మీదే, అంటే రాయిలోని మలినాలు కరిగి వచ్చే గాజులాంటి వ్యర్థం మీదే. మొత్తం కలిపి కిలో కూడా రాలేదు. పాత పద్ధతిలో రాయిలోని సిలికా (ఇసుకలో ఉండేదే) కొంత ఇనుప ఆక్సైడ్‌ని కలుపుకుని 1200 డిగ్రీల దగ్గర కరిగి ముద్దను కప్పేస్తుంది, ఎక్కిన కార్బన్‌ని లాగేస్తుంది. ఇనుములో చాలా భాగం చిట్టెంలోకే పోయినా పూర్వీకులు అలాగే మెత్తని ఇనుము తీశారు. ఉక్కు ఫ్యాక్టరీల్లోని పెద్ద కొలిమి, బ్లాస్ట్ ఫర్నేస్, దారి వేరు. అక్కడ ఇనుముకి కార్బన్ ఎక్కించి పూర్తిగా కరిగిస్తారు, సిలికాను సున్నపురాయితో బయటికి లాగుతారు. వాళ్లకి సిలికా ఎంత తక్కువైతే అంత లాభం. జపాన్‌కి పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేసింది ఈ రాయి కోసమే. మా ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా పోయే ఆ మేలు రకం రాయిలో సిలికా తక్కువ కాబట్టి చిట్టెం చాలక, నా చిన్న కొలిమికి పనికిరావడం లేదనిపిస్తోంది.

అందుకే రాయిని పొడి చేసి, నూటికి 15 పాళ్లు సన్న ఇసుక, కాస్త బంకమట్టి కలిపి 12 మి.మీ. ఉండలు చుడుతున్నాను. ఇనుప రాయి పొడిని ఉండలు చేసే పెల్లెట్ ప్లాంట్లలో బెంటొనైట్ అనే బంకమట్టితో చేసేదీ ఇలాంటి పనే. కొలిమి ఎత్తు 20 సెం.మీ. తగ్గించాలనీ ఉంది, కానీ రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు. ముందు ఉండలే.

జీడి బొగ్గు చవకని అందరూ చెబుతున్నారు, నాకు మాత్రం సరుగుడే నచ్చింది. పొడైన ముక్కలన్నీ దాచాను. గాలి గొట్టం ఎదురుగా మళ్లీ కరిగిస్తే కార్బన్ కాలిపోవాలి, యూరప్‌లో శతాబ్దాల పాటు అలాగే చేశారు. దానికి 30 సెం.మీ. లోతు కొలిమి చాలు, మట్టి ఇప్పటికే తొక్కి పెట్టాను.