గ్లాసు పొర్లిందా, చెమర్చిందా?

తొలకరి వాన కురిసిన మరునాడు, సెలవులకు హనుమకొండలోని మా ఇంటికి వచ్చిన అక్క కూతురు మంచినీళ్ళ గ్లాసులో ఐసుగడ్డలు వేసుకొని, అవి నీటికి పైన కొంత తేలి ఉండటం చూసి, "మామా, ఇవి కరిగితే గ్లాసు పొర్లుతుంది కదా?" అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా గ్లాసును అంచు దాకా నింపి, పొడి పళ్ళెంలో పెట్టి, చూస్తూ ఉండమన్నాను.

గడ్డలు కరిగేసరికి పళ్ళెంలో నీళ్ళు చేరాయి. పొర్లిందని ఆమె సంబరపడింది. అది గ్లాసు వెలుపల చెమర్చిన నీరని నాకు తెలుసు గాని, నా మాట మీద నమ్మవలసిన విషయం కాదది. అందుకే రెండోసారి గ్లాసులో నాలుగు చుక్కల నీలిమందు కలిపాము. లోపలి నీరు నీలంగా ఉన్నా పళ్ళెంలో చేరిన నీటికి రంగు లేదు. అది గాలిలోని తేమ చల్లని గ్లాసును తాకి నీరుగా మారినది.

మరి గ్లాసు ఎందుకు పొర్లలేదు? దీనికి ఫ్రిజ్జులోనే జవాబు ఉంది. ప్లాస్టిక్ డబ్బాలో 200 మిల్లీలీటర్ల నీరు పోసి, మట్టానికి గీత పెట్టి గడ్డకట్టిస్తే, తెల్లవారేసరికి మంచు గీతను దాటి దాదాపు 218 మిల్లీలీటర్ల చోటు ఆక్రమించింది. (గాజు సీసాతో ఈ పని చేయవద్దు, నేను ఒకసారి చేసి, పగిలిన ముక్కలు ఏరుకున్నాను.) బరువు మారకుండా పరిమాణం సుమారు 9 శాతం పెరిగింది కనుకనే మంచు తేలుతుంది. కరిగినప్పుడు ఆ పెరుగుదల పోయి, మునిగిన భాగం ఆక్రమించిన చోటులోనే ఆ నీరంతా సరిగ్గా ఇమిడిపోతుంది. రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుకలు కూడా నీటిపై తేలుతాయి గాని, వాటికి కారణం లోపలి గాలి రంధ్రాలు. మంచులో అణువులే ఎడంగా అమరుతాయి.

కరగడానికి అంతసేపు ఎందుకని కూడా అడిగింది. సున్నా డిగ్రీల మంచు ఒక గ్రాము కరగడానికే 80 కేలరీల వేడి కావాలి, అంత వేడితో అదే నీటిని సున్నా నుండి 80 డిగ్రీల దాకా కాచవచ్చు.

చివరగా, ఇక కరగదన్నంత వరకు ఉప్పు కలిపిన నీలి నీటిలో, గడ్డలు రెట్టింపు వేసి, మళ్ళీ అంచు దాకా నింపాము. ఉప్పునీరు బరువైనది కనుక మంచు అందులో తక్కువ మునుగుతుంది, కరిగిన నీటికి ఆ చోటు చాలదు. ఈసారి గడ్డలు మరింత నెమ్మదిగా కరిగాయి. పళ్ళెంలోకి దిగిన నీరు మాత్రం లేత నీలంగా ఉంది. కరిగిన మంచినీరు ఉప్పునీటిపై తేలి ముందుగా పొర్లడమే ఆ లేతదనానికి కారణమని మా కోడలుపిల్లే చెప్పింది.